నాలుగు వైపులా కాళ్లున్న బల్ల

ప్రమోదకు గది లేదు. బండి ఉంది.

మూడు అరల ఇనుప బండి. పై అరలో రంగులు, నడిమి అరలో కాగితాలు, కింద నీళ్ల సీసాలు, గుడ్డపీలికలు. ముందు చక్రం ఒకటి ఎడమకు లాగుతుంది. దాన్ని సరిచేసుకుంటూ తొయ్యడం అలవాటై, బండి లేనప్పుడు కూడా ఆమె కొద్దిగా కుడికి ఒరిగి నడుస్తుంది.

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లోని ఆ ఎలిమెంటరీ స్కూల్లో ఒకప్పుడు ఆర్ట్‌కు గది ఉండేది. కిండర్‌గార్టెన్‌లో పిల్లలు ఎక్కువయ్యారని రెండేళ్ల కిందట దాన్ని తీసుకున్నారు. అప్పటినుంచి పిల్లలు ఆమె దగ్గరికి రారు, ఆమే గది నుంచి గదికి వెళుతుంది. రోజుకు ఆరు తరగతులు. ఒక్కొక్కటి నలభై నిమిషాలు. పంచడానికి ఐదు, తుడవడానికి ఎనిమిది పోగా మిగిలిందే బొమ్మ. తరగతికీ తరగతికీ మధ్య నాలుగు నిమిషాలు. మంచినీళ్లు తాగాలంటే బండి ఆగాలి. సాధారణంగా ఆగదు.

ఆమెకు నలభై ఏడేళ్లు. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివింది. పెళ్లయి వచ్చాక తొమ్మిదేళ్లు డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉంది. గ్రీన్‌కార్డు వచ్చాక మళ్లీ కాలేజీకి వెళ్లి టీచర్ లైసెన్సు తెచ్చుకుంది. ఇక్కడి చదువులో మొదటి వారమే చెప్పిన నియమం ఒకటుంది. పిల్లల కాగితం మీద టీచర్ గీత పడకూడదు. చూపించాల్సింది ఉంటే వేరే కాగితం మీద చూపించాలి.

ఏడేళ్లు ఆ నియమం తప్పలేదు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం తప్పింది.

రెండో తరగతి. ఇంట్లో అందరూ కలిసి కూర్చునే చోటు గీయమంది. నైనిక అనే తెలుగు పిల్ల భోజనాల బల్ల వేసింది. పైనుంచి చూసినట్టు చదరంగా బల్ల, నాలుగు వైపులా చాచిన నాలుగు కాళ్లు. వెల్లకిలా పడిన తాబేలులా ఉంది. చుట్టూ అమ్మ, నాన్న, తమ్ముడు, తను. ఏడేళ్ల పిల్లలు బల్లను అలాగే వేస్తారు. ప్రమోదకు ఆ సంగతి బాగా తెలుసు. ఆ దశ దానంతటదే దాటిపోతుందని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

ఇంకా ఆరు నిమిషాలున్నాయి. వెనక ఎవరో నీళ్లు ఒలకబోశారు. అటు పోతూ నైనిక దగ్గర వంగింది. చెవి వెనక పెన్సిల్ తీసింది. అవతలి రెండు కాళ్లూ చెరిపి, ఇవతలి రెండూ నిలువుగా దించి, బల్ల పైభాగాన్ని కాస్త వాల్చింది. అర నిమిషం కూడా పట్టలేదు. బల్ల నిలబడింది.

నైనిక కాగితం మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

మరుసటి వారం కాగితం ఖాళీగా ఇచ్చింది. ఆ తరువాతి వారం పెన్సిల్ తిప్పి ప్రమోదకు అందించింది.

"మీరు డ్రా చెయ్యి, ఆంటీ. ఐ విల్ కలర్ ఇట్."

స్కూల్లో ఆమె అందరికీ మిస్ ప్రమోద. ఆదివారం తెలుగు క్లాసులో టీచర్లను ఆంటీ అనడం అలవాటై, ఆ పిలుపు నైనిక నోట ఇక్కడా వచ్చేస్తుంది. పక్కన కూర్చునే అమెరికన్ పిల్లాడు ఓవెన్ కూడా ఆంటీ అనడం నేర్చుకున్నాడు.

"నాది నేను వేసుకుంటాను. నీది నువ్వు వెయ్యాలి కదా."

"నాది రాంగ్ వస్తుంది."

మార్చి అంతా ఇదే. ఏప్రిల్‌లో మట్టి ఇస్తే నైనిక ఉండ చేసి, ఉండగానే తిరిగి ఇచ్చింది. మే రెండో గురువారం ఆర్ట్ షో. స్కూల్లో నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు. ప్రతి ఒక్కరిదీ ఒక్కటైనా గోడమీద ఉండాలి, అది ప్రమోద తనకు తాను పెట్టుకున్న లెక్క. నైనిక పేరుతో మిగిలిన కాగితం ఒక్కటే. అది ఆ బల్ల.

సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే కార్ల వరుస దగ్గర పసుపుపచ్చ జాకెట్ వేసుకుని నిలబడటం కూడా ఆమె పనుల్లో ఒకటి. శ్రుతి అద్దం దించింది. ఆమె నైనిక తల్లి.

"అక్కా, దాని టేబుల్ బొమ్మ ఫోన్‌లో పంపారుగా, మా ఆయన ఆఫీస్‌లో కూడా చూపించారు. షోలో అదే పెట్టండి."

"అందులో నా గీత ఉంది, శ్రుతీ. నేను అలా గీసి ఉండాల్సింది కాదు."

"మీ చెయ్యి పడిందంటే అదృష్టం కాదా? అక్షరాభ్యాసంలో మనం చెయ్యి పట్టుకునేగా రాయిస్తాం. అదేమన్నా ఏడ్చిందా అప్పుడు? అంటే, ఏడ్చిందనుకోండి. అది వేరే."

వెనక సీట్లో నైనిక బెల్టు పెట్టుకుని కిటికీలోంచి అటు చూస్తోంది.

"ఇంట్లో గీస్తోందా?"

"ఎక్కడా. ఇదివరకు బిల్లుల వెనక కూడా గీసేది. ఇప్పుడు చక్కగా మ్యాథ్ చేసుకుంటోంది. నాకు హాయి."

వెనక కారు హారన్ కొట్టింది. శ్రుతి ముందుకు వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం ప్రమోద గిన్నెలు సగం కడిగి వదిలేసింది. బట్టలు మడవడం మొదలుపెట్టి లేచింది. మెట్లు ఎక్కింది, దిగింది.

"కూర్చోవే ఒక్క క్షణం," అన్నాడు భర్త శ్రీవత్స. కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. "నీకు కూడా ఒక బ్రేక్ డిజైన్ చేస్తా."

"ఆ పిల్ల గీయడం మానేసింది. నా వల్ల."

"ఒక టేబుల్ సరిచేసినందుకా? మీ మాస్టారు చేసిందీ అదేగా. ఆయన్ని తలుచుకుంటూ ఇప్పటికీ దండం పెడతావు."

నిజమే. కాలేజీలో దామోదర్ మాస్టారు వెనకనుంచి వచ్చి, విద్యార్థి బోర్డు మీదికి వంగి, బొగ్గుతో ఒక గీత గీసి వెళ్లిపోయేవారు. మాట ఉండదు. ఎవరి కాగితం మీద ఆయన గీత పడితే ఆ రోజు వాళ్లు అందరికీ టీ ఇప్పించాలి. ప్రమోద మూడుసార్లు ఇప్పించింది. అందులో ఒక కాగితం ఆమెతో పాటు సముద్రం దాటింది.

క్లాజెట్‌లోంచి అట్ట గొట్టం తీసి ఆ కాగితం నేలమీద పరిచింది. కూర్చున్న ముసలి మనిషి. భుజం మీద మాస్టారి గీత, ఒక్క దెబ్బలో, నల్లగా. ఇరవై ఆరేళ్లుగా ఆమె చూసింది ఆ గీతనే. ఇవాళ దాని కింద తను మొదట వేసిన భుజం కోసం వెతికింది. మోకాళ్లమీద కూర్చుని, కాగితం వెలుతురుకు ఎత్తి చూసింది. దొరకలేదు. అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. ఆ తరువాత తను గీసిన భుజాలన్నీ మాస్టారి భుజాలే.

కాగితం మళ్లీ చుట్టలేదు. గిన్నెల దగ్గరికి వెళ్లింది.

షోకు రెండు రోజుల ముందు, మంగళవారం, చివరి పీరియడ్ నైనిక తరగతిలో. పిల్లలకు పని పంచి, బల్ల బొమ్మ తీసుకుని నైనిక పక్కన చిన్న కుర్చీలో కూర్చుంది. ఆమె తరగతిలో కూర్చోవడం పిల్లలు ఎప్పుడూ చూడలేదు. ఓవెన్ తన పని ఆపి చూస్తున్నాడు.

"నైనికా, దీని మీద నేను గీశాను. నిన్ను అడగలేదు. అది తప్పు."

"అందరికీ నచ్చింది."

"నీకు?"

నైనిక కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. ప్రమోద గడియారం చూడకుండా ఉండటానికి గట్టిగా ప్రయత్నించింది.

"ఇక్కడ తమ్ముడి లెగ్ ఉండేది," అంది చివరికి, చెరిపిన చోట వేలు పెట్టి. "ఎవరి సైడ్ లెగ్ వాళ్లది. వాడు అన్నం తినేటప్పుడు దాన్ని కిక్ చేస్తాడు."

"నేను అది తీసేశాను."

"యా. ఇప్పుడు వాడు ఎవర్ని కిక్ చేస్తాడు? నన్నే."

ప్రమోదకు నవ్వు వచ్చింది, ఆగిపోయింది. బొమ్మను మళ్లీ చూసింది. తను నిలబెట్టిన బల్లకు ఇద్దరి వైపు కాళ్లున్నాయి, ఇద్దరి వైపు లేవు.

"ఏం చేద్దాం?"

"ఐ డోంట్ నో."

గంట మోగింది. రోజూ కాగితాలన్నీ బండి ఎక్కాలి, డెస్కులు ఖాళీగా ఉండాలి, అది క్లాస్ టీచర్ పెట్టిన నిబంధన. ప్రమోద ఆ కాగితాన్నీ, చెవి వెనక పెన్సిల్‌నూ నైనిక డెస్కు మీదే వదిలేసి బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

గురువారం సాయంత్రం హాలు గోడలమీద నాలుగు వందల పదకొండు బొమ్మలు. రెండో తరగతి వరుసలో ఒక చోట ఖాళీ, దాని కింద నైనిక పేరున్న చీటీ. ప్రిన్సిపాల్ వచ్చి అక్కడ ఇంకేదైనా పెట్టమన్నాడు. ప్రమోద పెట్టనంది. తలుపు వైపు చూసింది, గోడ వైపు చూసింది, సరిగ్గానే ఉన్న బొమ్మలను సర్దింది. ఎవరెవరో తల్లిదండ్రులు ఐదు వందల మంది దాకా వచ్చారు, పోయారు.

ఏడున్నర దాటాక శ్రుతి నైనికను తీసుకుని వచ్చింది. చేతిలో కాగితం. ముఖం చిన్నబోయి ఉంది.

"సారీ అక్కా. అంత మంచి బొమ్మ, చూడండి ఏం చేసిందో. నేను చూసుకోలేదు."

టీచర్ గీతలు, పిల్ల గీతలు అన్న తేడా లేకుండా వాటన్నిటి మీద నల్లని మార్కర్ పోయింది. బల్ల నాలుగు వైపులా నాలుగు కాళ్లు చాచింది. తమ్ముడి వైపున్నది అన్నిటికంటే లావుగా ఉంది, కాగితం అంచుదాకా పోయింది.

"పెన్సిల్ ఇచ్చానుగా," అంది ప్రమోద.

"మార్కర్‌తో వేశాను," అంది నైనిక. "ఇది ఎరేజ్ అవ్వదు, ఆంటీ."

బొమ్మలో కింద మూల అమ్మ చెయ్యి బల్లకు అందడం లేదు. వేలెడు ఖాళీ. ప్రమోద చెయ్యి చెవి వెనకకు వెళ్లింది. అక్కడ పెన్సిల్ లేదు. ఆ చేత్తోనే పిన్నులు తీసుకుని, కాగితం నాలుగు మూలలా గుచ్చింది.

నైనిక కొంచెం వెనక్కి జరిగి చూసింది. "వంకరగా ఉంది," అంది. "కుడివైపుకి."

ప్రమోద ఒక పిన్ను తీసి మళ్లీ గుచ్చింది.