జోడు చెయ్యి

దయ్యాల మాట ఎత్తితే నేను లేచి అవతలికి పోయే రకం. భయపడి కాదు, విసుగు పుట్టి. చిన్నప్పటి నుంచి చేతికందిన పుస్తకాలన్నీ చదివాను. వాటిలో ఏ ఒక్కటీ నన్ను ఆ వైపు తిప్పలేదు. నా భార్య పోయాక ఆమె కలలో కనిపించిందనో, గుమ్మంలో నిలబడిందనో నేను ఎవరితోనూ అనలేదు. కనిపించలేదు, నిలబడలేదు కాబట్టి. అటువంటివాణ్ణి గనకనే ఈ ఒక్క సంగతి రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను నంద్యాలలో హైస్కూలు పంతులుగా ఉండేవాణ్ణి. నా భార్య ఓబులమ్మది ఆళ్ళగడ్డ పక్కన పల్లె. ఒకనాటి ఉదయం జొన్నరొట్టె తడుతూ తడుతూ పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం అన్నారు. కొన్నాళ్ళకు మాట తిరిగి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడవడమూ వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు.

కుడిచెయ్యి పోవడమంటే అన్నం పోవడమే. ఎడమచేత్తో ముద్ద ఎత్తడానికి ఆమె ఒప్పుకోలేదు. నేను తినిపిస్తానంటే ముఖం తిప్పేసుకునేది. వాళ్ళమ్మ వచ్చి మాతోనే ఉండి తినిపించబోతే రెండు ముద్దలు తిని చాలనేది. "నేనేమన్నా పసిబిడ్డనా, నోట్లో పెట్టేదానికి?" ఎన్నిసార్లు బతిమాలినా ఇదే మాట. మనిషి నా కళ్ళముందే చిక్కిపోతూ వచ్చింది.

మిషను ఆసుపత్రిలో మార్తమ్మ అని ఒక నర్సు ఉండేది. చెయ్యి పడిపోయినవాళ్ళ కోసం ఆమె ఒక సాధనం ఆలోచించింది. రోగి వేళ్ళకు ఐదు ఉంగరాల్లాంటి పట్టీలు, వాటి వీపున కలిపి కుట్టిన మరో ఐదు పట్టీలు. కింది వాటిలో రోగి వేళ్ళు, పై వాటిలో చూసుకునేవాళ్ళ వేళ్ళు. రెండు మణికట్లనూ కలిపి ఒక పట్టీ కడతారు. పైచెయ్యి ముడుచుకుంటే కిందిచెయ్యి ముడుచుకుంటుంది. పైచెయ్యి లేస్తే కిందిదీ లేస్తుంది. ముద్ద మాత్రం రోగి వేళ్ళ కొసలకే అంటుతుంది.

మొదటిది ఎద్దుల మెడకు పట్టెడలు కుట్టేవాడి చేత తోలుతో కుట్టించింది. మా అత్తగారు దాన్ని చూసి గడప దగ్గరే ఆపేసింది.

"తోలు కట్టుకోని బువ్వ తినేదేందమ్మా? నా బిడ్డకు చెయ్యి పడిపోయిందిగానీ బుద్ధి పడిపోలేదు."

మార్తమ్మ కోపం తెచ్చుకోలేదు. "పండుకునే మంచానికి నవారు ఉండాది గదా పెద్దమ్మా, దానికి అంటు ల్యాదు గదా?" అంది. మా అత్తగారు కాస్త ఆలోచించి, దానికి లేదంది. మార్తమ్మ తోలుది వెనక్కి తీసుకుపోయి, నవారుతో కొత్తది కుట్టి తెచ్చింది. తోలుకన్నా అదే మెత్తగా, ఉతకడానికి వీలుగా ఉంది. ఆ నర్సమ్మను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. తాను చేసింది బాగుందని ఒక్క మాట వాదించలేదు. అన్నం తినే మనిషికి ఏది కుదురుతుందో అదే చేసింది.

కట్టేముందు గాజులు తీయమంది. ఓబులమ్మ ఉలిక్కిపడింది. "మొగుడు ఎదురుగ్గా కూచోనుండంగా ఉత్తచెయ్యి ఎట్ల పెడతానమ్మా?" చివరికి గాజులను మోచేతి వైపు జరిపి, వాటి కింద పట్టీ కట్టడానికి ఒప్పందం కుదిరింది.

నేను ఆమె వెనక, కుడిపక్కగా కూర్చునేవాణ్ణి. నా చెయ్యి ఆమె చేతి మీద బారుగా ఆనుకుని ఉండేది. తింటుంటే గాజులు కిందికి జారి మా ఇద్దరి చేతుల మధ్య ఇరుక్కునేవి. "గుచ్చుకుంటాండాయా?" అని ఆమె ప్రతిపూటా అడిగేది. నేను ఖాళీగా ఉన్న ఎడమచేత్తో వాటిని పైకి జరిపేవాణ్ణి. మళ్ళీ జారేవి. మళ్ళీ జరిపేవాణ్ణి.

ఆ సాధనానికి జోడు చెయ్యి అని పేరు పెట్టింది తనే. చూడవచ్చిన చుట్టాలు నోరు తెరుచుకుని చూస్తుంటే, "జోడెద్దుల్లో ఒగటి కుంటిదైతే రెండోది లాగల్ల. యాడా చూళ్ళేదా మీరు?" అని నవ్వేది. నేను తినిపిస్తున్నానని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. "ఆయప్ప తినిపిచ్చల్యా. నా చేత్తో నేనే తింటాండా." అది నిజమే. ఎంత ముద్ద, ఏ కూరతో, ఎప్పుడు ఆపాలి అన్నీ తనే చెప్పేది. ఆమె మాటకు నా చెయ్యి నడిచేది. మనిషి మళ్ళీ తేరుకుంది.

ఇంకొక అలవాటు కూడా చెప్పాలి. తినేముందు మొదటి ముద్దను కంచం అంచున పెట్టించి, దాని నడుమ బొటనవేలితో చిన్న గుంట నొక్కించేది. ఎవరికని అడిగితే "తినలేనోళ్ళకు" అంది. అంతకుమించి చెప్పలేదు.

మరుసటేడు కొర్రకోతలప్పుడు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆమెను తీసుకుపోయింది. ముత్తైదువగా, రెండు చేతుల నిండా గాజులతో సాగనంపాం.

జోడు చెయ్యిని ఉతికి పెట్టెలో పెట్టాను. కొన్ని నెలలకు మార్తమ్మ కబురు చేసింది. ఆళ్ళగడ్డలో చిన్నపరెడ్డి అని ఒక పెద్ద రైతుకు అదే జబ్బు, అదే చెయ్యి. తినిపిస్తే తిననని పంతం పట్టాడు. మజ్జిగ నీళ్ళ మీద ఉన్నాడు. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే ఉంటే బతకడని డాక్టరు చెప్పాడట. కొత్తది కుట్టే వ్యవధి లేదు. మార్తమ్మకు ఆసుపత్రి వదిలే వీలు లేదు, ఆమె తప్ప కట్టే పద్ధతి నాకంటే బాగా తెలిసినవాళ్ళూ లేరు.

ఆదివారం పొద్దున బస్సెక్కి వెళ్ళాను. వాళ్ళెవరూ అంతకుముందు నాకు తెలియదు. ఇంట్లో పెద్దాయన, ఆయన కోడలు రామక్క, ఇద్దరే. కొడుకు చనిపోయి చాలా కాలమైంది. పుట్టింటివాళ్ళు పిలిచినా పోకుండా ఆ కోడలు మామ దగ్గరే ఉండిపోయింది. సేద్యమూ తనే చూస్తోంది.

మధ్యాహ్నం వేళ ఆయన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టాం. ఎముకల మీద చర్మం ఉంది, అంతే. రామక్క కంచంలో సంగటి, పప్పు పెట్టుకుని ఆయన ఎదుట కూర్చుంది.

"నువ్వు ఆకలికి చస్తే ఊరోళ్ళు నన్నంటారు మామా, నిన్నెవురూ అనరు. అది తెలిసే చేస్తాండావు."

"అననీలే. నీ చేతి బువ్వ తినల్యా అనేదానికన్నా, నీ చేత తినిపిచ్చుకున్నాడనేది పెద్ద మాట."

నేను ఆయన కుడిపక్కన కూర్చుని పట్టీలు కట్టాను. బిగువైందా అని అడిగాను. "కట్టెకు కడితే కట్టెకు తెలుస్తాదాప్పా?" అన్నాడు. ఆ చేతికి స్పర్శ లేదని, సూదితో గుచ్చినా తెలియడం లేదని మార్తమ్మ ముందే చెప్పింది.

నా చెయ్యి ఆయన చేతిమీద ఆనించి, సంగటి తీసుకున్నాను. మొదటి ముద్ద కంచం అంచుకు పోయింది. బొటనవేలు దాని నడుమ గుంట నొక్కింది. ఇది నేను అనుకుని చేసింది కాదు. అయినా దీన్ని వింతగా చెప్పను. అన్నాళ్ళు చేసిన పని, చెయ్యి తనంతట తాను చేసి ఉంటుంది.

రెండో ముద్ద ఎత్తబోతుంటే పెద్దాయన ముఖం చిట్లించాడు.

"గాజులు పైకి జరుపుకోప్పా, గుచ్చుకుంటాండాయి. మగోనివి, నీకు గాజులేందీ?"

రామక్క తన చేతులు చూసుకుంది. ఆమె వితంతువు, చేతులు బోసిగా ఉన్నాయి. ఆమె కంచానికి అవతల ఉంది, ఆయన్ను తాకడం లేదు. తరువాత ఆమె నా చేతులు చూసింది. నా చేతికి గడియారం కూడా లేదు. ఆ ఇంట్లో గాజులు వేసుకునే మనిషే లేదు.

"యాడుండాయి మామా గాజులు?" అంది మెల్లగా.

"ఈడ. మణికట్టు పైన. జరుపుకోమంటాంటే!"

 అన్నం ఎదుట ఉన్న మనిషితో వాదించకూడదని నాకు తెలుసు. నా ఎడమచెయ్యి చాచి, మా రెండు చేతుల మధ్య, ఏమీ లేని చోట, రోజూ జరిపినట్టే మోచేతి వైపు జరిపాను.

"ఆ. ఇప్పుడు బాగుండాది," అని పెద్దాయన నోరు తెరిచాడు.

కంచంలోదంతా తిన్నాడు. అంచున ఉన్న ముద్దను మాత్రం ముట్టలేదు. అదెవరికని కూడా అడగలేదు. సాయంత్రం రామక్క తన చేతికి పట్టీలు కట్టుకుని నేర్చుకుంది. నాకంటే ఓపికగా, నాకంటే చక్కగా నడిపింది. "నా చేత్తో నేను తింటాండా, సూడు" అని పెద్దాయన వాకిట్లో పోయేవాళ్ళను పిలిచి మరీ చెప్పాడు. ఆ తరువాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు.

బయలుదేరేముందు పట్టీలను విప్పి, లోపలా బయటా తడిమి చూశాను. గుచ్చుకునే ముడిగానీ, గట్టి దారంగానీ లేదు. నంద్యాల వచ్చి డాక్టరును అడిగాను. మొద్దుబారిన చేతికి ఒక్కోసారి స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు చీమలు పాకినట్టు ఉంటుందని చెప్పాడు. కావచ్చు. కానీ ఆయన చీమలనలేదు. ఆ చేతికి స్పర్శ తిరిగి రానూ లేదు. చివరిదాకా కట్టెలాగే ఉండిందని, గాజుల మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదని రామక్క చెప్పింది. ఓబులమ్మ గాజుల సంగతి ఆ ఇంట్లో నేను చెప్పలేదు. మార్తమ్మను అడిగితే తనూ చెప్పలేదంది.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. రోజూ మొదటి ముద్ద కంచం అంచున పెట్టి, గుంట నొక్కి, తరువాతే తింటాను. ఆ మధ్యాహ్నం ఎడమచేత్తో నేను పైకి జరిపింది ఏమిటో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.