మామ తుపాకీ, నా గురి

మా అత్తగారి ఊరు మంథని నుంచి అడవి దారిలో, బండి మీద సగం పూట దూరం. ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఏడు, నేను కాపురానికి వచ్చిన రెండో వానాకాలం, మా మక్కచేను కంకి పట్టింది. అడవిపందులు ఆ సంగతి మాకంటే ముందే కనిపెట్టాయి. మూడు రాత్రుల్లో ఓ మూల చేనంతా నేలమట్టం చేశాయి.

ఇంట్లో తుపాకీ లేక కాదు. పంట కాపలాకని మామ పేర లైసెన్సు ఉన్న బర్మార్, గొట్టంలో మందు దట్టించి కాల్చేది, గోడకు వేలాడుతూనే ఉంది. ఒకప్పుడు ఆయన గురి గురించి చుట్టుపక్కల ఊళ్ళు చెప్పుకునేవి. కానీ ఆ ఏటికి మామకు పొద్దుగూకితే గడప కూడా కనబడడం మానేసింది. ఆయన కొడుకు, అంటే మా ఆయన, బొగ్గుబాయిలో పని, నెలకోసారి వచ్చేవాడు. ఎవరు ఊదారో ఏమో, ఠాణా నుంచి అమీన్ సాబ్, అంటే ఎస్సై, దిగాడు.

"పటేల్, రాత్రి కండ్లు కనవడని మనిషి చేతుల తుపాకి ఉంచుడు నాతోని కాదు. ఇంట్ల ఇంకెవరన్న కాలుస్తె వచ్చే అమాసనాడు చీకట్ల కాల్చి సూపెట్టుండ్రి, పేరెక్కిస్త. లేకుంటె ఠాణాల జమ చేసుకునుడే."

ఆయన వెళ్ళాక మామ తలుపు వైపు తిరిగాడు. ఆ తలుపు వెనక నేనున్నానని ఆయనకు తెలుసు.

"బిడ్డా, నువ్వు నేర్సుకుంటవా?"

"ఆడిది తుపాకి పడుతదా? ఊరంత నవ్వుతది," అంది అత్త.

"పందులు నవ్వుతలేవు. తింటున్నయి," అన్నాడు మామ.

నాకు భయం వేసింది. దానికంటే ఎక్కువ సంతోషం వేసింది. అబద్ధమెందుకు, ఆ తుపాకీ మీద నాకు మొదటి నుంచీ కన్నుండేది.

దొడ్లో సున్నం కొట్టిన కుండ ఒకటి కట్టాం. గొట్టం కొసన ఉండే చిన్న బొడిపెకు కూడా మామ తన తమలపాకుల డబ్బాలోంచి సున్నం రాయించాడు, చీకట్లో తెల్లగా తెలియడానికి. మందు పిరం, అందుకని ఉత్త తుపాకీతోనే గురి. కుండను గుడ్లప్పగించి చూసేదాన్ని. చూస్తుండగానే అది మాయమయ్యేది. మూడు రాత్రులు ఇదే వరస. ఏడుపొచ్చింది.

"దీపం మొఖం సూసి వస్తున్నవా? జరసేపు కండ్లు మూసుకొని కూసో. తర్వాత కుండను సూడకు, కుండ పక్కకు సూడు. చీకట్ల సూటిగ సూస్తె కన్ను మోసం జేస్తది," అన్నాడు మామ.

పక్కకు చూశాను. కుండ పెరుగు ముద్దలా తేలింది. నవ్వు ఆపుకోలేకపోయాను. రెండేళ్ళుగా ఆ ఇంట్లో కొంగు చాటు నుంచి, తలుపు సందు నుంచి, కంటి కొసతోనే కదా అందరినీ చూస్తున్నాను! మామ ముఖం నేరుగా ఒక్కసారైనా చూసి ఎరగను. ఈ విద్యలో నేను అప్పటికే ఆరితేరి ఉన్నాను, ఎవరూ చెప్పలేదంతే.

ఇక మిగిలింది చెయ్యి. మామకు నా చెయ్యి కనబడదు, గాజులు వినబడతాయి. మోచెయ్యి ఏ మాత్రం ఊగినా, "మోగినయ్," అనేవాడు వెనక నుంచి. ఒక్కో రాత్రి ఆ మాట వినీ వినీ ఒళ్ళు మండేది. పది రోజుల తర్వాత ఓ రాత్రి ఆ మాట ఒక్కసారీ వినబడలేదు. ఆ రాత్రి మొదటిసారి మందు దట్టించనిచ్చాడు. రెండు గుళ్ళు గోడకు, మూడోది కుండ అంచుకు తాకింది.

అమావాస్యనాడు ఊరంతా మా దొడ్లోనే. అమీన్ కొత్త కుండ కట్టించి, గ్యాసుబత్తి తెచ్చి నా పక్కనే పెట్టించాడు.

"వెలుగుంటె నీకే మంచిదమ్మా."

అంతమంది మగవాళ్ళ ముందు నా గొంతు అంతవరకూ లేచింది లేదు. "బత్తి ఆర్పుండ్రి సాబ్," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. అమీన్ ఆర్పించాడు. నేను కూర్చుని కళ్ళు మూసుకున్నాను. గుసగుసలు పెరిగాయి, అత్త గొణుగుడు వినబడింది, అయినా తెరవలేదు. ఇక చాలన్నట్టు మామ దగ్గిన తర్వాతే లేచాను. కుండకు జానెడు పక్కకు చూశాను. అది నెమ్మదిగా తేలింది. మీట నొక్కాను.

పొగ ముక్కుకెక్కింది. ఏమీ కనబడలేదు. అమీన్ అగ్గిపుల్ల గీసేలోపే మామ అన్నాడు, "తాకింది."

గ్యాసుబత్తి వెలిగింది. తాడుకు కుండ మెడ ఒక్కటే వేలాడుతోంది. ఊరు ఊరంతా కేకలు పెట్టింది. "నా కోడలు!" అని అత్త కనబడినవాళ్ళందరికీ చెబుతోంది, ఎవరికీ తెలియనట్టు.

"నీకెట్ల తెలిసింది పటేల్?" అన్నాడు అమీన్, మామ పేరు కింద నా పేరు రాస్తూ.

"గాజులు మోగలే సాబ్."

మామ తన నడుముకున్న మందు సంచి విప్పి చాచాడు, నేను లేని వైపుకు. నేనే అటు నడిచాను. కొంగు వెనక్కి తోసి, ఆయన ఎదురుగా నిలబడి, ఆయన ముఖాన్ని సూటిగా చూస్తూ అందుకున్నాను.

ఆ ఏడు మక్కలు మేమే తిన్నాం.