ఆయన గీసిన వంటింటి సామాను

మా ఆయన ముదిగుబ్బలో అంగళ్లకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గింది. ఆపైన షుగరు కళ్లకు పాకింది. ఎడమ కంటిలో రక్తం చిమ్ముతోందనీ, కుడిదానికీ భరోసా లేదనీ అనంతపురంలో డాక్టరు చెప్పారు. నెలకోసారి వచ్చి కంట్లో సూది వేయించుకోమన్నారు.

మరుసటి రోజే ఆయన మిగిలిన రంగుడబ్బాలు తీసి, అట్టముక్కల మీద వంటింటి సామాను గీయడం మొదలుపెట్టాడు. మొదట రాగి చెంబు, తర్వాత రోకలి, చాట, మసిబట్టిన పాలగిన్నె. ఎందుకని నేను అడగలేదు. ఏం చెబుతాడో తెలుసు. అది వినే ధైర్యం లేదు.

చెంబు బొమ్మ చూశాను. అంచు ఒకవైపు వంగి ఉంది. ఎప్పుడూ గీత తప్పని చెయ్యి ఆయనది. చూపు పోతోందనుకున్నాను. ఆయన స్నానానికి వెళ్లగానే బొమ్మను చెంబు పక్కన పెట్టి చూశాను. చెంబే వంకర. పద్దెనిమిదేళ్లుగా రోజూ తోముతున్నాను, ఒక్కసారీ గమనించలేదు. ఆ సొట్టలో కిటికీ వెలుగు చిన్న చుక్కలా నిలిచి ఉంది. బొమ్మలోనూ ఉంది.

అప్పటినుంచి ప్రతి బొమ్మనూ దొంగచాటుగా సరిచూసేదాన్ని. చాట సందుల్లో ఇరుక్కున్న తెల్లటి పిండి, రోకలి నడుమ చేతులు పట్టి పట్టి నున్నబడ్డ చోటు, అన్నీ ఆ భయంలోనే చూశాను. ఒక్కోసారి ఎందుకొచ్చానో మరిచిపోయి అలాగే నిలబడిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం చీపురు బొమ్మ ముగించాడు. కుడివైపు పుల్లపుల్లా ఉంది. ఎడమవైపు సగం లేదు. గోడకు ఆనించిన చీపురేమో నిండుగా ఉంది.

"ఏమయ్యా, ఈ పక్క వదిలేసినావే?" మామూలుగా అడిగినట్టే అడిగాను.

"వదిలినానా? ఆడికే అయిపాయ గదా చీపురు," అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని చీపురు ఎడమ అంచుకు తాకించాను. ఒక్కో పుల్లనూ తడిమి చూశాడు.

"నాకు భయమైతాండాది," అన్నాడు.

పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నాకూ అంతేనని చెప్పాను.

దొరికిన బస్సెక్కి అనంతపురం వెళ్లాం. ఆపరేషన్ చేశారు. ఎడమ కన్ను పోయింది, కుడిది కొంత నిలిచింది. ఇప్పుడు సామాను కిటికీ దగ్గరికి తెచ్చుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా చూసి గీస్తాడు. నిన్న ఉప్పు జాడీ గీశాడు, పక్కన రాలిన నాలుగు ఉప్పుకళ్లతో సహా. వచ్చే మంగళవారం మళ్లీ కన్ను చూపించాలి.