పార్లమెంటు సభ్యుల సీటు

కొత్తగూడెం నుంచి ములకలపల్లి వెళ్లే బస్సులో, ‘పార్లమెంటు సభ్యులకు’ అని రాసి ఉన్న సీటులో నిటారుగా కూర్చున్నాను. మా తాత రెండుసార్లు ఎంపీ. ఆస్తులన్నీ పోయినా ఆ సీటు మాదేనని నా నమ్మకం.

కోడిపుంజుతో ఎక్కిన ఓ ముసలమ్మ, "జర పక్కకు జరగరాదు బిడ్డా" అంది.

జరగకుండా తాత పేరు చెప్పాను.

"అవ్, ఎరుకే! ఓట్లకొచ్చి ఆయన జీపు మా వాగుల దిగబడితే మేమే నూకినం. రెండుసార్లు గెలిపిస్తే మొఖం జూపలే. మూడోసారి ఆయన్నే నూకినం!"

బస్సంతా నవ్వింది.

వాగు దాటుతుంటే బస్సు ఆగిపోయింది. మగవాళ్లంతా దిగి నెట్టాలన్నాడు కండక్టర్. దిగక తప్పలేదు.

కిటికీలోంచి ఆమె కేకేసింది: "గట్టిగ నూకు బిడ్డా, మా లెక్క!"

తిరిగి ఎక్కేసరికి కోడితో సహా నా సీటులో ఉంది.

ఇప్పటికీ బస్సెక్కితే ఆ సీటే చూసుకుంటాను. కూర్చోవడం మాత్రం ఓ పక్కకు జరిగే.