బేసిన్లో పోసిన సర్పగంధి

నంద్యాల డాక్టరు నా కషాయాన్ని వాష్‌బేసిన్లో పారబోసినాడు. సీసాడు కషాయం, నా కళ్ళ ముందరే.

అది సర్పగంధి వేరు కషాయం. నా భార్యకు బీపీ. మాత్రలు మింగుతానే ఉంది, మిషన్లో అంకె మాత్రం దిగదు. నేను బళ్ళో చదివింది ఐదో తరగతే. అయితేనేం, ఆళ్ళగడ్డ లైబ్రరీలో మూలికల పుస్తకాలు అట్టలూడేదాకా చదివినోణ్ణి. ఆ వేరులో రిసర్పిన్ అనే పదార్థం ఉంది. రక్తనాళాలను బిగబట్టే నరాల జోరును అది తగ్గిస్తుంది. నేను వయసులో ఉండగా దాంతో చేసిన మాత్రలే డాక్టర్లు రాసిచ్చేవాళ్ళు. మా నాయన మింగినాడు. మాత్ర మంచిదైతే వేరెట్లా చెడ్డదైంది?

అహోబిలంలో వేర్లమ్మే ఆమె దగ్గర తెచ్చి, రోజూ కాచి తాపిస్తాంటి. డాక్టరు దగ్గరికి పోయిన ఆ పొద్దు మాత్రం రెండింతలు తాపిస్తి. చుట్టాలొస్తాంటే ఇల్లు అలుక్కోమా? మిషన్ ముందర మా వేరు తడాఖా కనపడొద్దా?

"చేదు చంపుతాందయ్యా," అనింది నా భార్య.

"తాగు. ఈపొద్దు ఆ డాక్టరు నోరు మూతపడాల."

నిజంగానే పడింది! ఆస్పత్రిలో డాక్టరు ఆమె చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టినాడు, మళ్ళా కొట్టినాడు. అంకె అంత కిందికి దిగడం నేనెన్నడూ చూడలేదు. కుర్చీలోంచి ఎగిరి లేచినా. "చూడు సార్, అడివి మందు!" అని సీసా తీసి బల్ల మీద పెట్టినా. అంతలో ఆమె లేవబోయి, "ఓయబ్బా, గది తిరుగుతాంది," అంటా నా మీదికి ఒరిగింది.

డాక్టరు ఆమెను పండబెట్టి, కాళ్ళ కింద దిండ్లు పెట్టి, సెలైన్ ఎక్కించమన్నాడు. తర్వాత సీసా మూత తీసి, వాసన చూసి, గుమ్మరించినాడు.

నాకు ఒళ్ళు మండింది. "మీ మాత్ర పుట్టిందెక్కడ సార్? అడివిలో కాదా? పనికిరాదని ఎట్లా పారబోస్తావ్?" ఆయన ఆమె నాడి పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రందాకా వరండాలో తిరుగుతా, ఆయన కనపడినప్పుడల్లా అదే అడిగినా. ఆఖరికి ఆమె లేచి కూర్చుని కాఫీ కావాలనింది. అప్పుడు నా వైపు తిరిగినాడు.

"పనిచేయదని పారబోసినాననుకున్నావా పెద్దాయనా? నా మాత్రా దించుతుంది, నీ వేరూ దించుతుంది. ఒక్క మనిషిని ఇద్దరం పట్టి కిందికి గుంజితే ఆమె యాడికి పోవాల? మాత్రలో మందెంతుందో నాకు తెలుసు. నీ సీసాలో ఎంతుందో నీకు తెలుసా? సరేగానీ, ఇంట్లో ఇంకా ఎంత కాచిపెట్టినావో చెప్పు."