బెంచీ మీది తడి

నా చిన్నప్పుడు నాకు బెంచీ మీంచి లేవడమంటే భయం. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గజ్జల్లోనూ తొడల దగ్గరా చెమట ఎంతలా పట్టేదంటే, రెండు పీరియడ్లు కూర్చుంటే చాలు, లంగా వెనక తడిసిపోయేది. నడిస్తే ఒరుసుకుని మంట. ఎండాకాలమనే కాదు, నర్సీపట్నంలో ముసురు పట్టి అందరూ చలంటున్న రోజుల్లోనూ నాకు అంతే. అమ్మతో చెబితే, "అలాటివి బయట సెప్పకు" అని పౌడరు డబ్బా చేతికిచ్చింది. ఆ పౌడరు తడికి ముద్దలు కట్టి ఇంకా కోసుకుపోయేది.

మా పక్కింట్లో ఒక అక్క అద్దెకుండేది. ఎస్. రాయవరం వైపు రైతుల అమ్మాయి. మా బడిలో లెక్కల మేస్టారు సెలవు పెడితే ఆయన బదులు తాత్కాలికంగా ఆవిణ్ణి తీసుకున్నారు. పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ కుర్చీలో కూర్చునేది కాదు. ఎంత ఓపికో అని హెడ్మాస్టరుగారు కూడా మెచ్చుకునేవారు.

ఒకరోజు నన్ను బోర్డు దగ్గరికి రమ్మంది. లేచాను. వెనక బెంచీలోని పిల్ల, "ఒలమ్మో, ఇది లంగాలో పోసీసిందే!" అని అరిచింది. మగపిల్లలతో సహా తరగతంతా గొల్లుమంది. నేను అడుగు వెయ్యలేకపోయాను. భయానికి చెమట ఇంకా ఎక్కువైంది.

అక్క చాక్‌పీసు బల్ల మీద పెట్టి నా పక్కకొచ్చి నిలబడింది.

"అది సెమట. నాకూ అలాగే పడతాది. అందుకే నేను కుర్సీలో కూకోను," అంది.

ఎవరూ నమ్మలేదనుకుందో ఏమో, వెనక్కి తిరిగి, నడుం చుట్టూ తిప్పుకున్న కొంగు పక్కకి తీసింది. చీర వెనక జానెడు మేర తడి. తరగతి ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నిలుస్తుందనుకున్నాను. ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత నవ్వు ముందుకంటే పెద్దగా లేచింది, ఈసారి ఇద్దరి మీదా.

సాయంత్రం తన గదికి పిలిచి, దాచకుండా చెప్పింది. "పౌడరు మానీ. వదులుగా ఉన్న నూలు బట్టలే కట్టు. మజ్జాన్నం ఓసారి నీళ్లతో కడుక్కుని, తడి లేకుండా ఒత్తుకుని, లోపలివి మార్సీ. ఇంతకంటే నాకూ తెలీదే."

"పెద్దయితే తగ్గిపోద్దా అక్కా?"

"నాకు తగ్గలేదు. విశాఖ ఎళ్లి సూపించుకున్నాను. రోగం కాదు, ఒంటి తత్వం అన్నారు."

ఒక్క అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని అప్పుడు ఏడ్చాను.

మర్నాటి నుంచి బోర్డు మీద ఆవిడకి పేర్లు పెట్టి రాయడం మొదలైంది. ఆవిడ చెరిపేది, పాఠం మొదలుపెట్టేది. పిల్లలు మాట వినడం మానేశారు. నెల తిరగకుండానే హెడ్మాస్టరుగారు ఇక రావద్దన్నారు. ఆవిడ ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టించుకుంటుంటే నేను మా ఇంటి తలుపు వెనకే ఉండిపోయాను. ఆవిడ పక్కన కనబడితే బడిలో మళ్లీ నన్ను చూసి నవ్వుతారని. రిక్షా ఎక్కేముందు ఆవిడ మా గుమ్మం వైపు చూసింది. కాసేపు చూసింది. నేను వెళ్లలేదు. మళ్లీ ఆవిడ ఎక్కడుందో తెలియలేదు.

నాకిప్పుడు అరవై దాటాయి. అక్క చెప్పింది నిజమే, తగ్గలేదు. ఈమధ్య చర్మం డాక్టరుగారు రాసిచ్చిన లోషన్ మండింది, మాత్రలకి నోరు పిడచకట్టుకుపోయింది. రెండూ మానేశాను. ఇప్పటికీ రోజుకి రెండుసార్లు బట్టలు మార్చుకుంటాను. మా ఆయనకి కూడా ఎందుకో చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

పెళ్లిళ్లలో, ఆసుపత్రి వరండాల్లో, కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడకానుకుని కదలకుండా నిలబడే అమ్మాయిలు అప్పుడప్పుడు కనిపిస్తారు. చూడగానే గుర్తుపడతాను. ఆ రోజు అక్క నాకోసం చేసింది నేనూ చెయ్యాలనుకుంటాను. వెళ్లి పక్కన నిలబడతాను. అంతవరకే. నోరు పెగలదు. కాసేపటికి ఆ అమ్మాయి, ఈ ముసలావిడ ఎవరో తననే చూస్తోందని జడిసి, ఇంకో గోడ దగ్గరికి జరిగిపోతుంది.