బాపమ్మ పథ్యం, బర్రె పథ్యం

పటాన్‌చెరు ఫ్యాక్టరీలు కరెంటుతో నడుస్తాయనుకునేవాళ్లు మా నాన్నను కన్న మా బాపమ్మ రాజవ్వను చూడలేదు. ఆమె మా ఊరు ముత్తంగిలో నిలబడి ఒక్క కేక వేస్తే పటాన్‌చెరులో షిఫ్టు మారుతుంది. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, ఇంతకంటే చిన్న అబద్ధం నాకు రాదు.

అలాంటి గొంతు ఆమె డెబ్బై ఆరో ఏట మూగబోయింది. కాలేయంలో, ఆమె మాటలో కార్జంలో, చీముగడ్డ లేస్తే హైదరాబాదు దవాఖానలో పొట్ట కోసి తీశారు. ఇంటికి పంపుతూ డాక్టరు మా అమ్మ కౌసల్యతో గట్టిగా చెప్పాడు: “గడ్డ పోయింది. ఇక కావలసింది బలం. గుడ్డు, పప్పు, పాలు పెట్టండి, రోజూ నడిపించండి. ఇలాగే ఎండిపోతే గాయం మానదు. మళ్లీ చీము పడితే తట్టుకోలేదు.”

అయితే మా వాడలో పథ్యానికి పెద్ద బాపమ్మే. కామెర్లొచ్చినా కాన్పయినా ఆమె చెప్పిందే తినాలి. నన్ను కన్నప్పుడు అమ్మ ఆకలికి ఏడ్చినా వెల్లుల్లి కారం మెతుకులు తప్ప ఇంకేమీ పెట్టలేదట. ఇప్పుడు తనకు తానే పలచటి జావ, ఉప్పులేని మజ్జిగ రాసిచ్చుకుంది.

“గుడ్డు దిను అత్తా,” అని అమ్మ గిన్నె తెచ్చింది.

“కార్జం రోగానికి గుడ్డా? నన్ను జల్దీ సాగనంపుదామనా?”

“డాక్టరే చెప్పిండు.”

“ఆయనకేం ఎరుక? ఎంతమందికి పథ్యం చెప్పిన నేను!”

జావతోనే ఆమె కాళ్లు జొన్నకట్టెలయ్యాయి. లేపాలంటే ఇద్దరు పట్టాలి. కుట్ల దగ్గర చెమ్మ ఆరలేదు. నేను ఏడ్చి కూడా చూశాను.

“మంచిగేడుస్తున్నవ్, నాటకాలల్ల చేరు పో,” అంది.

అంతలో మా బర్రె ఈనింది. బాపమ్మకు మాకంటే ఆ బర్రే ఎక్కువ. ఈనినప్పుడల్లా ఉడికించిన ఉలవలు, తవుడు, పల్లిచెక్క దగ్గరుండి పెట్టించేది. ఆ పొద్దున మా తాత కొమురయ్య ఉలవలు లోపల పెట్టేసి, బర్రె ముందు పలచటి కుడితి ఒక్కటే ఉంచాడు. బర్రె అరుపు అందుకుంది.

“ఏందయ్యా, దానికి దాణా పెట్టలే?” అంది బాపమ్మ మంచంలోంచి.

“పథ్యం,” అన్నాడు తాత.

“ఎవరికి?”

“బర్రెకు. ఈని నీరసమైంది గద. బలమైంది పెడితే అరగదు.”

“నీ మొకం! నీరసమైన జీవికి తిండి బంద్ చేస్తవా? దాని పానమెట్ల నిలుస్తది?”

కోపంతో లేవబోయింది. నిలబడలేక మంచంకోడు పట్టుకుని కూలబడింది. ఆమె తన సన్నబడ్డ చేతులను చాలాసేపు చూసుకుంది.

“ముందు బర్రెకు ఉలవలు పెట్టు,” అని ఇటు తిరిగింది. “కౌసల్యా, ఆ గుడ్డు ఉన్నదా, మీరే మింగిన్రా?”

ఆ రోజు నుంచి తిండి పెరిగింది, నడక మొదలైంది. మొదట నా భుజం పట్టుకుని గడప దాకా, తర్వాత కొట్టం దాకా. దూడ గడ్డి కొరికే నాటికి కుట్లు ఆరిపోయాయి, ఉలవల గంప ఆమే మోసింది. పక్కింటి బీరమ్మ కూతురికి కాన్పయితే బాపమ్మ ఆ ఇంటికి గుడ్లు పట్టుకుపోయింది. అమ్మ నోరు తెరిచి చూసింది.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. ఎలా ఉందని అడిగాను.

“గన్ని మాటలెందుకే? ఆకలైంది, తిన్న. నువ్వు గూడ పోయి ఇంత తిను, ఈనిన బర్రె నీకంటే నయమున్నది.”